ఆధారం దొరికిన లెక్క

జూన్ 3

వదినగారికి,

మీ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, నా చెవి మిషనూ ఒకరినొకరం భరిస్తున్నాం. మా అమ్మాయి మీ కోడలై వచ్చిన కొత్తలో మీరు ఫోన్ చేసినప్పుడల్లా నేను సరిగ్గా వినపడకపోయినా "ఆఁ, ఆఁ" అనడం, మీరు నేను ఒప్పుకున్నాననుకోవడం, చివరికి ఒకే ప్రయాణానికి ఇద్దరం చెరో జత రైలు టికెట్లు కొనడం గుర్తుందిగా. "నోటిమాట ఆడిట్‌కి పనికిరాదు వదినగారూ, ఏదైనా కాగితం మీద పెట్టండి" అని అప్పుడే మీరు తేల్చేశారు. అందుకే పెడుతున్నాను.

నాకొక సలహా కావాలి. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది కదా. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. కిందటేడు నేను కాలేజీ నుంచి రిటైరయినప్పుడు అమ్మాయి సెలవు పెట్టి వచ్చి అందులో రాయడం నేర్పింది. మాయా చతురస్రాల పేజీలో నేనొక చిన్న భాగం రాశాను. విషయం ఏమంత కష్టం కాదు. తొమ్మిది గళ్ళు వేసి ఇలా నింపామనుకోండి:

8 1 6
3 5 7
4 9 2

ఎటు కూడినా పదిహేనే. ఇప్పుడు అడ్డవరసల్ని మూడంకెల సంఖ్యలుగా చదవండి: 816, 357, 492. ఒక్కోదాన్నీ దానితోనే గుణించి, వచ్చిన మూడింటినీ కూడండి. తరవాత అవే సంఖ్యల్ని వెనకనుంచి చదవండి: 618, 753, 294. వీటికీ అలాగే చెయ్యండి. రెండు మొత్తాలూ ఒకటే వస్తాయి. ఇలాంటి తొమ్మిది గళ్ళ చతురస్రం ఏది తీసుకున్నా అంతే. ఎందుకలా వస్తాయో నాలుగు వాక్యాల్లో రుజువు కూడా రాశాను.

మొన్న చూస్తే ఆ భాగం మొత్తం మాయం. పేజీ చరిత్రలో ‘ఎర్రపెన్సిల్’ అనే పేరుగల ఆయన తీసేసినట్టుంది. "ఆధారం చూపలేదు. తనిఖీలో తేలలేదు" అని కారణం రాశాడు. ఆ ముక్తసరి చూస్తే నాకు మీరే గుర్తొచ్చారు. ఇన్నేళ్ళు గోడౌన్ల లెక్కలు ఆడిట్ చేసిన మనిషి కదా మీరు. ఇలాంటి అభ్యంతరాలకి జవాబు ఎలా రాయాలో, ఆ పెన్సిలాయన్ని ఎలా దారికి తేవాలో కాస్త చెప్పండి.

తొందరేం లేదు. అన్నయ్యగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆయన్ని మెట్లు ఎక్కనివ్వకండి.

మీ వియ్యపురాలు

---

జూన్ 10

లెక్చరర్ వదినగారూ,

ఆ పెన్సిలాయన ఆయన కాదు, ఆవిడ. నేనే.

కుర్చీలోంచి లేవకండి, మొత్తం చెప్తాను. నేను రిటైరయ్యాక ఏం చెయ్యాలో తోచక ఫ్రిజ్‌లో సీసాల మీద తేదీలు చూడటం, మీ అన్నయ్యగారి మాత్రలు లెక్కపెట్టడం, మావాడు ఆఫీసు నుంచి ఎందుకు ఆలస్యంగా వచ్చాడో రాతపూర్వకంగా సంజాయిషీ అడగడం మొదలుపెట్టాను. ఇల్లంతా బెంబేలెత్తిపోయింది. అప్పుడు మీ అమ్మాయే ఫ్రిజ్ పక్కనున్న కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టి, "అత్తయ్యా, ఇందులో ఆధారాల్లేని రాతలు బోలెడున్నాయి. ఏరి పారేసేవాళ్ళు కావాలట. అచ్చం మీకోసమే పుట్టిన పని" అంది. నిజమే, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇల్లు కూడా ఊపిరి పీల్చుకుంది.

లెక్కల పేజీలే ఎంచుకున్నాను. సినిమా పేజీల్లో ఒక వాక్యం తీసేస్తే జనం కొట్లాటకి వస్తారు. లెక్కల్లో పేజీలకి పేజీలు తీసేసినా అడిగే నాథుడు లేడు. ఇన్నాళ్ళకి అడిగింది మీరొక్కరే.

మీ భాగాన్ని ఊరికే తీసెయ్యలేదు. ఆధారం లేకపోవడం ఒక కారణం. రెండోది, నేను స్వయంగా చేసి చూశాను. మీరిచ్చిన చదరం ఎందుకని నాదే ఒకటి కట్టుకున్నాను:

1 8 6
5 3 7
9 4 2

అడ్డం పదిహేను, నిలువు పదిహేను. కాలిక్యులేటర్‌తో రెండుసార్లు చేశాను. ముందునుంచి చదివితే వచ్చిన మొత్తం 12,10,329. వెనకనుంచి 10,65,987. ఎక్కడా పొంతన లేదు. లక్షన్నర దాకా తేడా ఉన్న లెక్కని గోడౌన్‌లో ఐతే నేను పోలీసులకి అప్పజెప్పేదాన్ని.

రాసింది మీరని తెలిస్తే ముందు మీకు చెప్పేదాన్ని. చెప్పి తీసేసేదాన్ని. వియ్యపురాలికో రూలు, ఊళ్ళోవాళ్ళకో రూలు ఉండదు కదా. ఇది మీరు ఏ పుస్తకంలో చూశారో చెప్పండి. అది కనక సరైన పుస్తకమైతే నా చేత్తో నేనే తిరిగి పెడతాను.

ఒక సంగతి. మీ ఉత్తరం మీ అమ్మాయికి చూపించి, "చూశావా, మీ అమ్మ నన్ను మగాణ్ణి చేసేసింది" అని నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఏమైనా తెలిస్తే రాయండి.

మీ ఎర్రపెన్సిల్ వదిన

---

జూన్ 16

పూజ్యులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మిమ్మల్ని పట్టుకుని ‘దారికి తేవాలి’ అని రాశాను. దయచేసి ఆ మాట మనసులో పెట్టుకోకండి. తెలియక రాసింది.

మీరు చేసింది ముమ్మాటికీ సరైనదే. ఆధారం లేనిది ఉండకూడదన్నది మంచి రూలు. నేనూ పరీక్ష పేపర్లలో రుజువు లేని జవాబుకి మార్కులు వేసేదాన్ని కాదు. మీరు చేసి చూశారు, తేలలేదన్నారు. మీరు చూశారంటే సరిగ్గానే చూసి ఉంటారు. ఐమూలగా కూడా ఒకసారి కూడి ఉంటే బాగుండేదేమో అని మాత్రం అనిపించింది. అయినా అదీ చూసే ఉంటారు, నేను చెప్పేదేముంది.

ఏ పుస్తకం అని అడిగారు. ఎక్కడ చూశానో గుర్తు రావడం లేదు. పోనివ్వండి, అంత పట్టించుకోవాల్సింది కాదు.

మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ అంతే, ఉన్నట్టుండి మాట మానేస్తుంది. అది మీ మీద కోపం కాదు. నా మూలాన దానికి మీ ఇంట్లో ఇబ్బంది రాకూడదన్నదే నా బాధ. దాన్ని ఏమీ అనకండి.

సదా మీ దయ కోరే
వియ్యపురాలు

---

జూన్ 24

వదినగారూ,

‘పూజ్యులైన’ ఏంటండీ, నేనేమైనా గోడకి తగిలించిన ఫొటోనా. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మీ అమ్మాయిని నేను ఏమంటాను, ఎందుకంటాను? ఈ ఇంట్లో నామీద జోకులేసే ధైర్యం ఆ పిల్లకొక్కదానికే ఉంది. అది కూడా మానేస్తే నాకు పొద్దుపోదు.

ముందు తప్పు ఒప్పుకోవాల్సింది నేను. ఐమూలగా అన్నారు. ఆ మాట చూసి మొదట నవ్వొచ్చింది. నా ఉద్యోగంలో వేలకొద్దీ పట్టికలు చూశాను. అడ్డం కూడతాం, నిలువు కూడతాం, రెండూ కలిస్తే సంతకం పెడతాం. ఒక మూల నుంచి ఇంకో మూలకి కూడిన మానవుణ్ణి నేనింతవరకూ చూడలేదు. సరే, వదినగారన్నారు కదా అని నా చదరాన్ని అలా కూడాను. ఒకవైపు ఆరు, ఒకవైపు పద్దెనిమిది. అసలది మాయా చతురస్రమే కాదట. మీ చదరం తీసుకుని చేస్తే రెండు మొత్తాలూ 10,35,369 వచ్చి అలా చేతులు కట్టుకుని నిలబడ్డాయి. ఇంకో నాలుగు రకాలు కట్టి చేశాను. ప్రతిసారీ అంతే. ఎందుకలా అవుతోందో మాత్రం నాకు బోధపడలేదు. రాసిన మీకు ఇంత మొహమాటం ఉంది గానీ, ఆ సంఖ్యలకి ఏ మొహమాటమూ లేదు.

కాబట్టి మీ లెక్క నిజం. ఇక కావాల్సింది ఆధారం ఒక్కటే. మీకు గుర్తులేదన్నారు. మీకు గుర్తులేకపోవడమేంటి? పెళ్ళిలో మా ఆడపడుచు ఏ రంగు చీర కట్టుకుందో కూడా చెప్పగలిగిన మనిషి మీరు. నాకు మీ ఆరోగ్యం గురించి బెంగగా ఉంది. మావాడితో అంటే వాడు పెళ్ళాం మొహం చూశాడు, ఆ పిల్ల కంచం మొహం చూసింది. ఈ ఇంట్లో అందరికీ ఏదో తెలుసు, నాకు తప్ప.

మీకు గుర్తులేకపోతే నేను వెతుకుతాను. పోయిన లారీ రసీదుల్ని పట్టుకున్నదాన్ని, ఒక పుస్తకాన్ని పట్టుకోలేనా.

అన్నట్టు, నేను చేసింది ముమ్మాటికీ సరైనదేనని మీరంత పెద్దమనసుతో రాశారు కాబట్టి, మీరు రాసినవి ఇంకో రెండు భాగాలుంటే అవీ తీసేశాను. తొమ్మిదితో భాగహారం గురించి ఒకటి, వృత్తంలో త్రిభుజం గురించి ఒకటి. మీరు సంతోషిస్తారని చెప్తున్నాను.

మీ
ఎ.పె.

---

జూలై 1

వదినగారికి,

నా ఆరోగ్యం బాగానే ఉంది. బెంగ పెట్టుకోకండి. లెక్క సరిపోయిందని రాసినందుకు చాలా సంతోషం. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

మిగతా రెండు భాగాలూ మాత్రం ఏ హైస్కూలు పుస్తకం తెరిచినా ఉంటాయి వదినగారూ. నేను పుస్తకాల పేర్లు రాయడం మరిచిపోయానంతే, కింద రాస్తున్నాను. ఏమీ అనుకోకపోతే ఒక మాట. మీరు ఉంచాల్సినవి తీసేశారు, ఉండకూడనిదాని కోసం వెతుకుతున్నారు.

ఆ పుస్తకం కోసం వెతక్కండి. మీకు శ్రమ. నేను మనస్ఫూర్తిగా అడుగుతున్నాను, వెతకొద్దు.

ఇక్కడ మా వీధి చివర స్టేషనరీ కొట్టు పక్కనున్న పోస్టు డబ్బాకి కొత్త రంగు వేశారు. తడి ఆరకముందే పోయినసారి ఉత్తరం వేసి నా చెయ్యంతా రంగు చేసుకున్నాను. ఆ కవరు మీద మరకలు నా వేళ్ళవే.

మీ వియ్యపురాలు

---

జూలై 9

వదినగారూ,

వెతకొద్దంటే వెతకమని అర్థమని నాకు తెలియదా? మీరు మా ఇంటికొచ్చినప్పుడు "టీ వద్దు" అంటే నేను రెండు కప్పులు పెట్టించాలి. అలవాటైపోయింది.

మూడు లైబ్రరీలు చూశాను. మొదటి దాంట్లో లెక్కల బీరువా తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉన్నాడు. అతను వచ్చేదాకా రోజూ వెళ్ళి కూర్చున్నాను. చివరికి నేనంటే భయపడి సెలవు మధ్యలోనే వచ్చాడు. రెండోదాంట్లో గుమాస్తా నేను పుస్తకం తెరిచినప్పుడల్లా ఫ్యాను ఆపేసేవాడు, పేజీలు ఎగురుతాయని. యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరుగారిని పట్టుకున్నాను. ఆయన మీ లెక్క చూసి, "బావుందే, ఎక్కడిదమ్మా ఇది?" అని నన్నే అడిగాడు. నేను ఆయన్ని అడగడానికి వెళ్తే ఆయన నన్నడగడం ఏంటో.

మాయా చతురస్రాల మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. చరిత్ర ఉంది, కట్టే పద్ధతులున్నాయి, రకరకాల వింతలున్నాయి. మీ వింత మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. లేని పుస్తకంలో మీరెలా చూశారు? ఉండకూడనిదని ఎందుకన్నారు? మీ అమ్మాయిని నిలదీశాను. "అమ్మనే అడగండి అత్తయ్యా" అని చెప్పులేసుకుని తను పనిచేసే క్లినిక్‌కి పోయింది. ఆదివారం పూట, మూసేసిన క్లినిక్‌కి.

నాకు బుర్ర తిరిగిపోతోంది. ఇంకొక్క చోటు మిగిలింది. మూతపడిన కాలేజీ ఒకదాని పుస్తకాలూ పత్రికలూ పెద్ద లైబ్రరీ మేడమీద గదిలో పడేశారట. వాళ్ళు ఒప్పుకుంటే వచ్చే వారం వెళ్తాను.

మీ ఎర్రపెన్సిల్

---

జూలై 16

వదినా,

‘గారూ’ లేకుండా రాస్తున్నాను. ఈ ఒక్క ఉత్తరానికి క్షమించండి.

ఆ లెక్క నాదే. ఏ పుస్తకంలోనూ చూడలేదు. నేనే కనిపెట్టాను.

అమ్మాయి అప్పటికింకా పుట్టలేదు. పరీక్షల డ్యూటీ పడింది. హాల్లో మూడు గంటలు నిలబడాలి, పుస్తకం చదవకూడదు, అల్లిక పట్టకూడదు, కిటికీలోంచి చూసినా ప్రిన్సిపాల్ ఊరుకోడు. మిగిలిపోయిన ప్రశ్నపత్రం వెనక గళ్ళు గీసుకుంటూ ఉండేదాన్ని. ఒకరోజు ఊసుపోక అడ్డవరసల్ని వెనకనుంచి చదివాను. రెండు మొత్తాలూ కలిశాయి. ఏదో పొరపాటనుకున్నాను. ఇంకో చదరం వేశాను, కలిశాయి. హాల్లో పిల్లలు రాస్తున్నారు, పైన ఫ్యాను తిరుగుతోంది, నాకు మాత్రం ఒళ్ళు జల్లుమంది. ఒక కుర్రాడు అదనపు కాగితం కోసం చెయ్యెత్తి ఎంతసేపున్నాడో నాకు తెలియదు. ఎందుకలా వస్తుందో మర్నాటి డ్యూటీలో తెలిసింది. ఆ నాలుగు వాక్యాల రుజువు ఆ హాల్లోదే.

ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఒక పత్రికకి పంపాను, జవాబు రాలేదు. మావారు ఉన్నన్నాళ్ళూ "నీ గళ్ళ పిచ్చి" అని నవ్వేవారు, మంచిగానే. తరవాత్తరవాత నాకే ఒక భయం పట్టుకుంది. ఇంత చిన్న విషయం నాకంటే ముందు ఎవరికీ తట్టకుండా ఉంటుందా? ఎక్కడో ఎవరో రాసే ఉంటారు. వెతకాలంటే భయం, వెతక్కపోతే బాధ. ఇన్నేళ్ళూ అలాగే ఉండిపోయాను. రిటైరయినప్పుడు అమ్మాయి, "నువ్వు చెప్పు, నేను టైపు చేస్తాను, లోకం చూస్తుంది" అని దాన్ని అందులో పెట్టింది. నాదని ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. అందుకే మీరు తీసేసినా నోరెత్తలేకపోయింది పాపం. మీతో చెప్పలేక, నాతో దెబ్బలాడలేక నలిగిపోయింది.

సొంతంగా కనిపెట్టినవి అందులో పెట్టకూడదట. ఆ రూలు నాకు మీరు తీసేశాకే తెలిసింది. నాదైతే అక్కడ ఉండకూడదు. అక్కడ ఉండాలంటే నాది కాకూడదు. మొదట ఇదేం న్యాయం అనుకున్నాను. ఇప్పుడు అలా లేదు. మూడు లైబ్రరీలు గాలించి, ఎక్కడా లేదని మీరు రాసిన ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. మీరు వెతికినా దొరకలేదంటే అది నిజంగా లేదు. అంటే నాదే. తీసేసినందుకు మీకు దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

ఇక చాలు. ఆ మేడగదికి మాత్రం వెళ్ళకండి.

మీ వదిన

---

జూలై 18

వదినగారూ,

మీ ఉత్తరం ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను. దొరికింది.

మేడమీద గదిలో ముక్కుకి కొంగు కట్టుకుని, పురికొసతో కట్టిన పత్రికల కట్టలు ఒక్కొక్కటీ విప్పాను. కింద లైబ్రేరియన్‌కి నా తుమ్ములు వినపడి మనిషిని పంపాడట, పైన ఎవరైనా పడిపోయారేమోనని. కిటికీ పక్క కట్టలో, అట్ట ఊడిపోయిన లెక్కల పత్రికలో, మీ చదరం. అదే 816, అదే 618. ఇలాంటి చదరం దేనికైనా ఇలాగే వస్తుందని స్పష్టంగా రాసి ఉంది. మీరు ఉద్యోగంలో చేరకముందు అచ్చయిన సంచిక. మీరు కాలేజీలో చదివే రోజుల్లో చూసి ఉంటారు, అందుకే గుర్తులేదు. చూశారా, మీ జ్ఞాపకానికేం లోటు లేదు.

జిరాక్సు జత చేస్తున్నాను. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా మీ భాగం తిరిగి పెట్టేశాను, కింద ఆధారం కూడా రాశాను. పత్రిక పేరు, సంపుటం, పేజీ, అన్నీ. ఇక దాన్ని ఎవరూ కదపలేరు. ఎర్రపెన్సిల్ కూడా.

ఇంట్లో చెప్తే మావాడు "అయ్యో అమ్మా" అన్నాడు. మీ అమ్మాయి ఏడ్చింది. సంతోషమే అనుకున్నాను, కానీ ఆ ఏడుపు అలా లేదు. నాకేం అర్థం కావడం లేదు. మీరైనా సంతోషిస్తే చాలు.

మీ
ఎర్రపెన్సిల్

---

జూలై 26

వదినగారికి,

జిరాక్సు అందింది. కళ్ళజోడు తుడుచుకుని చదివాను. అదే లెక్క. అనుమానం లేదు.

మీరు పడ్డ శ్రమకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆ దుమ్ములో, ఆ మెట్లెక్కి, నా కోసం ఎవరు వెళ్తారు. ఇది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే రాస్తున్నాను.

ఆ సంచికని నేను కాలేజీ రోజుల్లో చూడలేదు. అప్పట్లో నాకు అలాంటి పత్రికలున్నాయనే తెలియదు. కానీ చూడలేదని దేంతో నిరూపిస్తాను? నిన్నంతా నన్ను నేనే అడుగుతూ కూర్చున్నాను. నిజంగా చూడలేదా? చూసి మరిచిపోయి, ఆ హాల్లో నాదనుకున్నానా? అప్పుడు ఒళ్ళు జల్లుమన్నది కూడా ఎవరిదో చదివినదానికేనా? ఏదీ తేలడం లేదు. రెండు రోజులుగా వంట చెయ్యలేదు.

నిజం ఎవరు చెప్పినా నిజమేనని ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పాను. ఇప్పుడు నాకెవరైనా చెప్తే బాగుండును.

అది అలాగే ఉండనివ్వండి. తీసెయ్యకండి. అమ్మాయితో నేను బాగానే ఉన్నానని చెప్పండి.

మీ వియ్యపురాలు

---

ఆగస్టు 6

వదినా,

నేను కూడా ‘గారూ’ తీసేశాను. మీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. పదహారో తేదీ ఉత్తరం పక్క వీధిలో మా ఇంటి నంబరే ఉన్న కొట్టులో పడి, అక్కడే ఉండిపోయిందట. ముందు రెండోది చదివాను, ఏం జరిగిందో తెలియలేదు. తరవాత మొదటిది చదివాను. కూర్చుండిపోయాను. మీ అన్నయ్యగారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు, ఆ మోకాళ్ళతో.

వెతకొద్దని మీరు ఎన్నిసార్లు చెప్పారో తిరగేసి చూసుకున్నాను. అన్నీ కాగితం మీదే ఉన్నాయి. మీ మాటల్ని అడ్డంగా చదివాను, నిలువుగా చదివాను, ఐమూలగా చదవలేదు.

తరవాత నేను చేసిన పని వింటే నవ్వుతారు. వెంటనే కంప్యూటర్ దగ్గరికెళ్ళి ఆధారం తీసేశాను, మళ్ళీ మీది కావాలని. ఆధారం లేకపోతే భాగం ఉండకూడదు కదా, అందుకని భాగం తీసేశాను. మీరు ఉండనివ్వమన్నారు కదా అని మళ్ళీ పెట్టాను. ఆధారం లేదని నేనే హెచ్చరిక తగిలించాను. అలా పొద్దున్నుంచి భోజనాల దాకా పెట్టి తీసి, తీసి పెట్టి, చివరికి ‘నీటిబొట్టు’ అనే పేరుగల మనిషెవరికో నేను తాగి దిద్దుతున్నానేమోనని అనుమానం వచ్చి నన్ను ఒకరోజు బయట పెట్టేశారు. మళ్ళీ లోపలికి వచ్చి చూస్తే లెక్క ఉంది, పత్రిక పేరుంది, మీ రుజువు లేదు. ఎందుకు తీశారని అడిగాను. "ఆ నాలుగు వాక్యాలు మీరిచ్చిన పత్రికలో లేవు. ఆధారం చూపించండి" అన్నారు. నా మాట నాకే అప్పజెప్పారు.

అప్పుడు జిరాక్సు తీసి చూశాను. నిజమే, అందులో మీ రుజువు లేదు. రెండు పేజీల నిండా అక్షరాలు, బ్రాకెట్లు. ఒక్క వరస దాటలేకపోయాను. మీ రుజువు పాత చరిత్రలోంచి తీసి కాగితం మీద రాసుకుని, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మధ్య గడిలో ఉన్న అయిదుని అన్ని గళ్ళలోంచీ తీసెయ్యమన్నారు. తీసేశాను. ఎనిమిది ఉన్నచోట మూడు మిగిలింది. దానికెదురు మూలలో రెండు ఉన్నచోట మూడు అప్పు. ఒకటి ఉన్నచోట నాలుగు అప్పు, దానికెదురుగా అడుగున తొమ్మిది ఉన్నచోట నాలుగు జమ. ప్రతి గడికీ ఎదురు గడి సరిగ్గా దాన్ని కొట్టేస్తోంది. అందుకే ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే. ఇది నేను జీవితమంతా చేసిన పనే కదా వదినా. లెక్కలంటే భయపడే నాకు కూడా అర్థమైంది. ఆ పత్రిక రాసినాయన నాకు అర్థమయ్యేలా రాయలేదు. మీరు రాశారు.

నా ఉద్యోగం మొత్తంలో అర్థంకాని లెక్క మీద నేను సంతకం పెట్టలేదు. మీ రుజువు కాపీ ఒకటి జత చేస్తున్నాను. కింద తేదీ వేసి, తనిఖీ చేశాను, సరిగా ఉంది అని రాసి, సంతకం పెట్టాను. సాక్షి సంతకం మీ అమ్మాయిది. ఒట్టు తీసేసింది మీరే కాబట్టి ఇప్పుడు మాట్లాడుతోంది, నన్ను ‘తాగి దిద్దే అత్తయ్య’ అని పిలుస్తోంది.

మీరు ఆ సంచిక చూశారా లేదా అన్నది నేను తేల్చలేను. మీరూ తేల్చలేరు. ఆ పరీక్ష హాల్లో చెయ్యెత్తిన కుర్రాడికి మాత్రం తెలుసు, వాడికి కాగితం ఇవ్వడం మీరు ఎందుకు మరిచిపోయారో.

ఇంకొక్క మాట. ఈ నాలుగు వాక్యాలు ఆ పత్రికలో లేవు. ఇంకే పుస్తకంలోనైనా, ఏ మేడగదిలోనైనా ఉన్నాయేమో నాకు తెలియదు.

నేను వెతకను.

మీ వదిన